పటిక పూసిన చోట ఎరుపు: ఒక కలంకారీ గుడ్డ డైరీ

గంగజాతర ముగిసిన వారం

పని ఇది. రెండు మీటర్ల గాడా గుడ్డ (ముతక నూలు గుడ్డ) మీద శ్రీకాళహస్తి పద్ధతిలో కలంతో బొమ్మలు వెయ్యాలి. కాళహస్తి రామాయణం గుడ్డల్లో నడుమ పట్టాభిషేకం పెద్దగా ఉంటుంది. చుట్టూ గళ్లు గళ్లుగా కథ నడుస్తుంది. గళ్ల కింద పట్టీలో తెలుగులో కథ రాసి ఉంటుంది. ఆ అమరికనే తీసుకుంటున్నా. కథ మాత్రం నాది. ఈ మూడు నాలుగేళ్లలో నాకు బాగనిపించిన చిన్నాచితకా సంగతులు గడికి ఒకటి చొప్పున వేస్తా. నడిమి గడిలో ఏం వెయ్యాలో ఇంకా తోచలేదు.

నేను బోర్డులు రాసేవాణ్ణి. తిరుపతిలో లాడ్జీలు, మెస్సులు, లారీల వెనక తలుపులు, బడి గోడల మీద సూక్తులు. ఫ్లెక్సీలు వచ్చాక సగం పని పోయింది. 2021 నవంబరు వానలకు మా పల్లపు వీధిలోకి నీళ్లొచ్చి కుంచెలు, డబ్బాలు, ఎన్నో ఏళ్లుగా దాచుకున్న అక్షరాల నమూనా కాగితాలు బురదలో కలిసిపోయాయి. మరుసటేడు పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, కొంత మాట పోయాయి. రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే వెయ్యాలట. ఆ సంగతి మాకు తెలిసేసరికి ఆ గంటలు దాటిపోయాయి. చదివేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా తెల్లారనిద్దాం అనుకోకుండా అప్పుడే బయల్దేరండి. ఆ తర్వాత మందులకు స్కూటరు, అంగడి అడ్వాన్సు, మా ఇంటామె గాజులు పోయాయి. అప్పులు ఇప్పటికి తీరాయి. దాని గురించి ఇంతే రాస్తా.

ఒక చిరాకు కూడా ఇక్కడే రాసి పెడతా. పరామర్శకు వచ్చినవాళ్లలో చాలామంది "అంతా మన మంచికేలే" అన్నారు. నాకు ఆ మాట అరగలేదు. జబ్బు నాకు ఏ మంచీ చెయ్యలేదు. కాఫీ బాగుందంటే ఆ గొప్ప కాఫీది, కలిపినామెది. జబ్బుకు అందులో వాటా ఇవ్వను.

రోహిణి కార్తె

నల్లరంగుకు కుండ పెట్టాను. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు. అంతే సరుకు. ఇనుముకు వెతుక్కోవలసిన పని లేదు, పాత బోర్డుల యాంగిల్ ఫ్రేముల ముక్కలు మిద్దె మీద పడి ఉన్నాయి. బెల్లం మా చెల్లెలు కాణిపాకం దగ్గర నుంచి పంపింది. కుండ మూతికి గుడ్డ కట్టి నీడలో పెట్టి రోజూ కర్రతో కలపాలి. ఎండలు ముదిరితే త్వరగా వస్తుంది, చలికాలమైతే మూడు వారాలు దాటొచ్చు. బెల్లం పులిసి పులుపెక్కుతుంది, ఆ పులుపుకు ఇనుము కరుగుతుంది. ఆ నీళ్లను కసిమి అంటారు.

వాసన మాత్రం అచ్చం నాటుసారా ఊటే. పైన ఉండే ఇంటి ఓనరు మెట్ల మీద నిలబడి చాలాసేపు ముక్కు ఎగబీల్చాడు.

"ఏమన్నా, ఇంట్లో ఏందన్నా కాస్తా ఉండావా?"

"రంగన్నా. బొమ్మలకు."

"ఎక్సైజోళ్లు వస్తే నా పేరు చెప్పొద్దు."

ఆ రోజంతా మా ఇంటామె నవ్వుతూనే ఉంది. రొట్టె కాలుస్తూ నవ్వింది, బట్టలు ఆరేస్తూ నవ్వింది. ఆమె అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో. ఒక గడి ఖాయమైంది: కుండ, మెట్ల మీద ముక్కు.

మృగశిర, తొలి మబ్బులు

గుడ్డ తయారీ. గాడా గుడ్డను పేడనీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఉతికి ఎండేస్తే గంజి పోయి మెత్తబడింది. తర్వాత కరక్కాయ. గాంధీరోడ్డు దాటి లోపలికి పోతే మూలికల అంగడి ఒకటుంది. కిలో కావాలంటే అంగడాయన కళ్లద్దాల మీదుగా చూసి "ఇంట్లో ఎంతమందికి సామీ?" అన్నాడు. విరేచనానికి వాడే కాయ మరి.

కాయల్ని దంచి పొడిచేసి, నీళ్లలో నానేసి, వడగట్టి, ఎనుము పాలు కలపాలి. పచ్చిపాలే కావాలి, చిక్కగా ఉండాలి. పాలలో వెన్న ఉంటేనే కలం గీత గుడ్డలో పాకదు. కరక్కాయలో ఉండే వగరు ఇనుపనీళ్లతో కలిసి నలుపు తెస్తుంది. రెండూ కావాలి, ఒకటి చాలదు. పాలపాకెట్టు పనికిరాదని కాళహస్తిలో కలంకారీ వేసే అక్క ఒకామె ఖండితంగా చెప్పింది. వీధి చివర ఎనుముల వాళ్లింటికి పోయి, పొదుగు కింద నుంచే పట్టించుకొచ్చా.

మా ఇంటామె ఒక కొస, నేను ఒక కొస పట్టి పిండాం. పిండేటప్పుడు కుడిచెయ్యి జారుతుంది, అందుకని నా కొసను మణికట్టుకు చుట్టుకుని ఎడమచేత్తో తిప్పాను. మిద్దె మీద ఆరేస్తే సాయంత్రానికి గుడ్డ లేత పసుపుకి తిరిగి, బిరుసెక్కి, పుల్లటి వాసనతో నిలబడింది. చీమలు వరసకట్టాయి, ఈగల సంగతి చెప్పక్కర్లేదు. ఓనరు ఈసారి కిందికే దిగలేదు.

ఆషాఢం

ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం పని సాగడమే.

కలం ఎట్లా ఉంటుందో తెలియనివాళ్లకు: వెదురుపుల్ల చివర సన్నగా చెక్కి, మొనకు కొంచెం పైన ఉన్ని గుడ్డ చుట్టి, దారంతో బిగిస్తారు. ఆ ఉండను కసిమిలో ముంచితే పీల్చుకుంటుంది. గీసేటప్పుడు వేళ్లతో ఆ ఉండను నొక్కుతూ ఉండాలి. నొక్కినంతే రంగు దిగుతుంది. జాస్తి నొక్కితే బొట్టు పడుతుంది, తగ్గిస్తే గీత ఎండిపోతుంది.

ఫిజియోథెరపీ పాప నాకు రోజూ చెప్పేదీ అదే. స్పాంజి బంతి ఇచ్చి నొక్కు, వదులు, నొక్కు, వదులు. ఆ బంతిని ఎన్ని నెలలు తిట్టుకున్నానో. కలం పట్టాక బంతి మూలన పడింది. పాపకు కలం చూపిస్తే తన వేళ్లతో ఉండ నొక్కి చూసి "అంకుల్, ఇది మా క్లినిక్కులో ఉండాల్సింది" అంది. చూపుడువేలు మీద ఎక్కువ ఆధారపడకుండా నాలుగు వేళ్లూ వాడమని, అరగంటకు ఒకసారి ఆపి వేళ్లు వెనక్కి చాచమని చెప్పింది. గుడ్డ నేలమీద పరిస్తే నాకు కూర్చోవడం కష్టం, అందుకే పీట మీద పలక వేసి, మోచేతి కింద మడతపెట్టిన దుప్పటి పెట్టుకున్నా.

చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు గీతలు వేసుకుని, వాటి మీద కలం. మొదటి గీత గురించి రాయాలి. కలం నుంచి దిగేటప్పుడు కసిమి నీళ్లటి టీ రంగులో ఉంటుంది, ఇదేం రంగు అనిపిస్తుంది. గుడ్డను తాకిన చోట కళ్లెదుటే ముదిరి నల్లబడుతుంది. నలభై ఏళ్లు ఎనామిల్ పెయింటుతో గడిపినవాణ్ణి, డబ్బాలో నలుపైతే గోడ మీదా నలుపే. ఇది గుడ్డ మీదికి వచ్చాక నలుపవుతుంది. ఎంత గీసినా ఆ ముచ్చట నాకు పాతపడలేదు.

గీత వణుకుతోంది. ఒకప్పుడు సున్నం తాడు కొట్టకుండా పదడుగుల నిలువు గీత దించిన చెయ్యి ఇది. ఇప్పుడు జానెడు గీతలో మూడు వంకరలు. కాళహస్తికి పోయి అక్కకు చూపించాను. ఆమె వాళ్ల కుటుంబ విద్య చిన్నప్పటి నుంచీ చేస్తున్నది. కళ్లజోడు సవరించుకుని గుడ్డను వెలుతురులో పెట్టి చూసింది.

"గీత యాడన్నా తెగిందా తమ్ముడా?"

"తెగలేదక్కా. వంకరలే."

"తెగకుంటే చాలు. వంకర బతికే ఉంటుంది. నీ బోర్డు గీతలు నాకు తెలుసు, అవి స్కేలు మింగినట్టుండేవి."

మెచ్చుకుందో తిట్టిందో ఇంటికొచ్చేదాకా తేల్చుకోలేకపోయా. 1950ల్లో చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ పూనుకుని కాళహస్తిలో నేర్పే కేంద్రం పెట్టించకపోతే ఈ విద్య అప్పుడే ఆరిపోయేదని అక్క ఎప్పుడూ చెబుతుంది. ఆ ఊరి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. బోర్డు రాసేవాళ్లకు అట్లాంటి కేంద్రం ఎవరూ పెట్టలేదు. ఈ మాట అంటే అక్క "నువ్వు పెట్టు" అంది. అక్కడికి ఆ చర్చ ముగిసింది.

శ్రావణం, గళ్ల తగాదా

ఏవి గళ్లలోకి ఎక్కాలి అన్నది ఇంట్లో రోజూ పంచాయితీ. ఇప్పటికి గీసినవి:

చొక్కా గుండీ. కాజాలో సగం దూరిన గుండీ మాత్రమే, మనిషి లేడు. ఎడమచేతి సాయం లేకుండా పెట్టుకున్న మొదటి గుండీ అది, మెడ దగ్గరిది కూడా కాదు, కడుపు మీది సులువైనది.

కరెంటు వచ్చిన రాత్రి. మే నెల ఉక్కలో గంటలు గంటలు పోయి, తిరిగి రాగానే వీధి వీధంతా పిల్లలు "హో" అని అరుస్తారే, ఆ అరుపు. అరుపును ఎట్లా గీస్తావని మనమరాలు అడిగింది. ఫ్యాను రెక్కలు గీసి, కింద నోళ్లు తెరిచిన మొహాలు గీశా. బాగానే కుదిరింది.

ఉడకబెట్టిన చెనక్కాయలు. పొట్లం విప్పితే ఆవిరి. ఉప్పు సరిగ్గా పట్టినవి పదిలో ఆరే ఉంటాయి, ఆ ఆరు కోసమే తింటాం.

జాతరలో బైరాగి వేషం వేసుకున్న పక్కింటి పిల్లోడు. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అని రోజుకొక వేషం. వాడు నామాలు పూసుకుని నా దగ్గరికొచ్చి బూతు తిట్టాలి, అది ఆనవాయితీ. నోట మాట రాక "తాతా... నువ్వు... కాఫీ తాగేసినావా" అన్నాడు. అంతకన్నా మర్యాదైన బూతు నేను వినలేదు.

రాగిసంగటి ముద్ద. చాలాకాలం చెంచాతో తిన్నా. సంగటిని చెంచాతో తినడం ఎంత నీచంగా ఉంటుందో చిత్తూరు వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. వేళ్లతో ముద్ద చేసి, గుంట పెట్టి, ఊరుబిండి అద్దుకుని నోట్లో వేసుకున్న రోజు పళ్లెం గీశాను. నడిమి గడికి ఇదే అనుకున్నా. కొలతలు కూడా వేసుకున్నా.

మా ఇంటామె వచ్చి అన్ని గళ్లూ చూసింది. చివరికంటా చూసి, "అన్నీ నీవేనే" అంది.

"నా గుడ్డ కదా మరి."

"నీ గుడ్డే. పిండింది ఎవురు?"

సరే నీకేం కావాలో చెప్పు అన్నాను. పండగా, నగా, పిల్ల పెళ్లా, ఏదో ఒకటి చెబుతుందనుకున్నా. ఆమె కూరగాయలు తరుగుతూనే చెప్పింది. ఆసుపత్రి నుంచి వచ్చాక రాత్రిళ్లు రెండు గంటలకొకసారి లేచి నన్ను పక్కకు తిప్పేది, వీపు పుళ్లు పడకుండా. అలారం పెట్టుకుని లేచేది, కొన్నాళ్లకు అలారం లేకుండానే మెలకువ వచ్చేసేది. నేను సొంతంగా తిరగడం మొదలుపెట్టిన చాలా రోజులకు కూడా ఆ మెలకువ పోలేదట. ఒకరోజు కళ్లు తెరిచేసరికి ఎండ గుమ్మంలో ఉంది, పాలాయన కేకేసి వెళ్లిపోయాడు, పక్క ఇంట్లో కుక్కరు కూస్తోంది. "నాకు అది. వెయ్యగలిగితే అది వెయ్యి."

ఆ రోజు సంగతి నాకు తెలియను కూడా తెలియదు. నేను నిద్రపోతున్నా.

సంగటి పళ్లెం పక్క గడికి జరిగింది. నడుమ ఆమె పడుకుని ఉంటుంది, చాప మీద, గుమ్మంలో ఎండ. "నిద్రపోయే ఆడదాన్ని నట్టనడుమ వేస్తే చూసినోళ్లు ఏమనుకుంటారు" అని రెండురోజులు గొణిగింది. మూడోరోజు వచ్చి జుట్టు అంత పల్చగా లేదని దిద్దించింది.

వినాయక చవితి తర్వాత

ఎరుపు. ఈ గుడ్డ మొత్తంలో నాకు వింత అంటే ఇదే.

ఎర్రగా కావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు. పటిక నీళ్లకు రంగు లేదు. ఎండాక చూస్తే ఎక్కడ పూశామో కనబడదు. అందుకని గుడ్డ బొమ్మను చిన్నగా ఒక కాగితం మీద వేసుకుని, పూసినవన్నీ ఎర్ర పెన్సిలుతో గుర్తుపెట్టుకున్నా. ఆమె చీర, చెనక్కాయల పొట్లం, బైరాగి నామం, ఫ్యాను కింద పిల్లల నాలుకలు. పూశాక గుడ్డను ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించాలి. నిలవనీళ్లు పనికిరావు. మిగిలిపోయిన పటిక పక్కలకు అంటుకుని, రంగులో ఉడికేటప్పుడు అక్కర్లేని చోటంతా ఎర్రబడుతుంది.

స్వర్ణముఖిలో జాడించడం పాత పద్ధతి. నీళ్లున్నప్పుడు అది నది, ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక. కాళహస్తికి బస్సులో పోయాం, ఇద్దరమూ. నలభై కిలోమీటర్ల లోపే. అక్క కొడుకు తెలిసిన రైతు బోరు దగ్గరికి తీసుకుపోయాడు. మోటరు నీళ్లు కాలవలో పారుతుంటే గుడ్డను అందులో వదిలి, కొసలు పట్టుకుని నిలబడ్డాం. చీలమండల మీదుగా చల్లటి నీళ్లు. నా కుడికాలికి చలి, వేడి తెలియడం ఇంకా సరిగ్గా రాలేదు. ఆ నీళ్లు మాత్రం తెలిశాయి. ఎంతసేపు నిలబడ్డానో, రైతు "సారూ, మోటరు ఆపాల" అన్నదాకా.

తర్వాత అక్క వాళ్ల పెరట్లో ఉడికించడం. పూర్వం వేర్లు, చెక్కలతో ఎరుపు తీసేవాళ్లు, ఇప్పుడు చాలామంది అలిజరిన్ అనే ఎర్రరంగు పొడి వాడతారు, మేమూ అదే. నీళ్లు చల్లగా ఉన్నప్పుడే గుడ్డ వేసి, మంట మెల్లగా పెంచుతూ, రెండు కర్రలతో తిప్పుతూనే ఉండాలి. ఆపితే మరకలు పడతాయి. మొదట్లో గుడ్డంతా ఒకటే మురికి గులాబీరంగు. నాకు గుండె జారింది. కాసేపటికి పటిక పూసిన చోట్లు ముదరడం మొదలైంది. చీర అంచు ముందు కనబడింది, తర్వాత కుచ్చిళ్లు, తర్వాత పొట్లం. నేను గుర్తుపెట్టుకున్న కాగితం జేబులో ఉంది, తీసి చూసుకోలేదు.

"నాలికలు కూడా వచ్చినాయి" అంది మా ఇంటామె, పొగకు కళ్లు తుడుచుకుంటూ.

కార్తీకం, వానలు

పని నిలిచిపోయింది. తర్వాతి మెట్టు గుడ్డను తెల్లగా చెయ్యడం: పేడనీళ్లలో నానబెట్టి, ఇసుక మీద పరిచి, ఆరకుండా నీళ్లు చల్లుతూ ఎండలో పెడితే రంగు పట్టని చోటంతా కరక్కాయ పసుపు, గులాబీ మరక పోయి తెలుపొస్తుంది. దీనికి వరసగా ఎండలు కావాలి. తిరుపతిలో కార్తీకంలో ఎండ అడిగితే ఎవరిస్తారు? తిరుచానూరు బ్రహ్మోత్సవాలు గొడుగుల కింద జరిగాయి. ఈ కాలంలో వాన గట్టిగా పడిందంటే నాకు ఇప్పటికీ నిద్రపట్టదు. గుమ్మం దగ్గరికి పోయి నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూసి వస్తా. అది పోయిందని చెప్పను.

కానీ వాన ఆగిన ఒక పొద్దున కపిలతీర్థం పోయాం. కొండ మీద నుంచి నీళ్లు దూకుతున్నాయి. చేతికర్రతో మెట్లు దిగి, మొహాన తుంపర పడేంత దగ్గరికి పోయాను. బయటికొచ్చి బజ్జీలు తిన్నాం. నూనె పాతదే, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, రెండో ప్లేటు కూడా చెప్పాం. దీన్ని గడిలోకి ఎక్కించడానికి చోటు లేదు. రెండో గుడ్డకు అని రాసి పెట్టుకున్నా.

ధనుర్మాసం

ఎండలు తిరిగాయి. తెలుపు వచ్చింది, చాప మీది తలగడ బాగా తెల్లగా వచ్చింది. ఆమె కళ్లు మూసిన మొహం చుట్టూ మాత్రం లేత పసుపు కొద్దిగా మిగిలింది. అక్క ఇంకోసారి పేడలో వెయ్యమంది, మా ఇంటామె వద్దంది, "ఎండ పడినట్టుంది, ఉండనీ." ఉండనిచ్చాను.

ఇప్పుడు గుడ్డను మళ్లీ పాలలో ముంచి ఆరేశాం, ఇకపై పూసే రంగులు పాకకుండా. పసుపుకు కరక్కాయ పువ్వు ఉడికించి, కొంచెం పటిక కలిపి వడగట్టి పెట్టాను. గుమ్మంలో ఎండకు, ఫ్యాను గడిలో బల్బుకు, అంతే. నీలం ఈసారి పెట్టుకోవడం లేదు. నీలిమందు పని వేరే తతంగం, నా చెయ్యికి ఇంకొన్నాళ్లు పడుతుంది.

మిగిలింది అక్షరాలు. గళ్ల కింద పట్టీలన్నీ ఇన్నాళ్లూ ఖాళీగానే ఉంచాను. కావాలనే. చివర్లో రాద్దామని, అప్పటికి చెయ్యి ఇంకాస్త కుదురుతుందని. తెల్లబడిన గుడ్డలో కరక్కాయ లేదు కాబట్టి కసిమి వేస్తే నలుపు రాదు. అందుకని పట్టీల వరకు మళ్లీ కరక్కాయ పాలు కుంచెతో పూసి ఎండబెట్టాను. పాత ముక్క మీద రాసి చూశా. "క" పొట్ట గుండ్రంగా వచ్చింది. "ళ" ఇంకా మొండికేస్తోంది. నా బోర్డుల్లో "ళ" చూసి పక్కవీధి పెయింటర్లు కూడా నా రాతని గుర్తుపట్టేవాళ్లు, అందుకే దాని మీద పంతం.

నడిమి పట్టీలో ఏం రాయాలని ఆమెనే అడిగా. పద్యం ఏమన్నా చెబుతుందేమో అని కూడా అనుకున్నా, వాళ్ల నాయన హరికథలకు వంత పాడేవాడు. బియ్యంలో రాళ్లు ఏరుతూ, తలెత్తకుండా, "ఆరు దాటినా లేవలేదు అని రాయి" అంది.

పట్టీ పదిహేను అంగుళాలు. అక్షరం అంగుళం వెడల్పు వేసుకుంటే మాటల మధ్య ఖాళీలతో సహా కూర్చుంటుంది, ఇంకా రెండంగుళాల పైనే మిగులుతుంది. "ళ" లేదు, అదొక లాభం. మిగిలిన చోట పాలాయన క్యాను వెయ్యమంటోంది.

క్యానుకు పసుపా, తెలుపా అని రేపు తేలుతుంది.